బ్యారన్ తలుపు

నేనుండేది ఖమ్మంలో, ఒక కిరాయి గదిలో. తలుపుకు గడియ ఉంది గాని నేను వెయ్యను. ఒంటరి ఆడదానివి, దొంగలు పడితే ఏం చేస్తావని ఇంటావిడ అమీనా బీ నెలకోసారి కోప్పడుతుంది. దొంగకు నా దగ్గర ఏం దొరుకుతుంది? రెండు చీరలు, ఒక స్టవ్వు, ఒక ఇత్తడి చెంబు. వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోతాడని నవ్వి తప్పించుకుంటాను. అసలు సంగతి ఆమెకు చెప్పలేదు. పదిహేనేళ్లయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. చదివి భయపడితే నన్ననొద్దు, నేనూ భయపడుతూనే రాస్తున్నాను.

మా నాన్న వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి వేంసూరు వచ్చాడు. అక్కడున్నది అమ్ముకుని దమ్మపేట అవతల, అడవి అంచున, మద్దిగూడెంలో పన్నెండెకరాలు కొన్నాడు. పొగాకు వేశాడు, ఆకు కాల్చడానికి బ్యారన్ కట్టాడు. బ్యారన్ అంటే రెండంతస్తుల ఎత్తున్న మట్టిగోడల గది. కిటికీలుండవు. ఒకటే తలుపు, దాని పక్కన గోడలో అరచేతి వెడల్పు అద్దం. లోపల నేలమీద ఇనప గొట్టాలు, పైన కప్పు దాకా వరసలుగా వాసాలు. పచ్చి ఆకును కర్రలకు కట్టి ఆ వాసాల మీద వేలాడదీస్తారు. తలుపు మూసి, సందులన్నీ మట్టితో మెత్తి, బయట పొయ్యిలో కట్టెలు పెడతారు. వేడి గొట్టాల గుండా లోపలికి పోతుంది. మొదటి రోజు ఫారన్‌హీట్‌లో తొంభై డిగ్రీలు. ఆకు పసుపెక్కాక మెల్లగా పెంచుతూ నూట అరవై దాకా తీసుకుపోతారు. మొత్తం ఆరు రోజులు.

ఆ ఆరు రోజులూ తలుపు తియ్యకూడదు. తీస్తే లోపలి ఆవిరి పోయి ఆకు నల్లబడుతుంది. ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే. పొగాకు ఇళ్లలో పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పేది ఇదే.

డెబ్బయ్యో సంవత్సరంలో చట్టం గట్టిపడింది. ఏజెన్సీలో భూమి గిరిజనుల పేరు మీదే ఉండాలన్నారు. మా నాన్న మాకు పనిచేసే కోయామె ముత్తమ్మ పేరు మీద భూమి రాయించాడు. పేరు ఆమెది, పంట మాది. చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇదే ఏర్పాటు, ఎవరూ తప్పనుకోలేదు. ముత్తమ్మ చనిపోయాక ఆ పేరు ఆమె కూతురు జోగమ్మకు వచ్చింది.

జోగి నాకంటే రెండేళ్లు చిన్నది. మా పశువుల కొట్టం పక్క గుడిసెలో పుట్టి పెరిగింది. నన్ను 'చిన్నక్కా' అనేది. అట్లా పిలవమని ఎవరూ చెప్పలేదు. ఒకసారి మా అక్క నిర్మలను 'పెద్దక్కా' అంటే అక్క చెంప మీద కొట్టింది. అప్పటి నుంచి అక్కను 'నిర్మలమ్మగారూ' అనేది, నన్ను మాత్రం మార్చలేదు. చిన్నప్పుడు నేను కొడవలితో ఆడుతూ దాని ఎడమ బొటనవేలు కోశాను. మానింది గాని వేలి మీద ఏటవాలుగా ఒక గీత మిగిలిపోయింది. నాన్నతో చెబుతుందేమోనని వణికిపోయాను. అది చెప్పలేదు.

నాన్న డెబ్బై ఎనిమిది దసరాకు పోయాడు. అక్క అప్పటికే భర్త పోయి ఇంటికి వచ్చేసి ఉంది. వ్యవసాయమంతా తనే చూసేది. జనవరి నెలాఖరున నా చేతిలో ఒక స్టాంపు కాగితం పెట్టింది.

"జోగితో వేలిముద్ర వేయించు. భూమి వేరే వాళ్ల పేరు మీదికి మారుస్తున్నా. మన మాట వినేవాళ్లు" అంది.

"నువ్వే అడగొచ్చుగా?"

"నేనడిగితే వంద ప్రశ్నలేస్తది. నువ్వు చెప్తే వేస్తది."

నిజమే. నేను చెబితే వేస్తుంది. సర్కారు ఇల్లు శాంక్షనయ్యే కాగితమని చెప్పాను. అది కాగితం వంక కూడా చూడలేదు, నా ముఖం చూసింది. "నీకు చదువొచ్చు గద చిన్నక్కా" అని బొటనవేలు సిరాలో అద్ది నొక్కింది. ముద్ర మధ్యలో తెల్లగా ఏటవాలు గీత. నేను కోసిందే. ఆ గీత చూసి కూడా నాకు నోరు రాలేదు.

ఫిబ్రవరి పన్నెండు, సోమవారం. ఆ ఏడు మూడోసారి బ్యారన్ నింపుతున్న రోజు. పొద్దున పందిట్లో నేను ఆకు అందిస్తుంటే జోగి కర్రకు కడుతోంది. కట్టడం ఆపి అడిగింది.

"చిన్నక్కా, ఆ కాయితంల ఏం రాసుండె?"

"ఇల్లు అని చెప్పాగా."

"ఇంటి కాయితానికి స్టాంపుండదంట. బడి సారు అన్నడు." దాని గొంతులో కోపం లేదు. "రేపు భద్రాచలం పోతున్న. ఆఫీసుల అడిగి తెలుసుకుంట. నువ్వు కూడ వస్తవా?"

దానికి ఇంకా నా మీద నమ్మకం ఉంది. నన్నే తోడు రమ్మంటోంది. నాకు సిగ్గు వెయ్యలేదు, భయం వేసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అక్కతో చెప్పేశాను. అక్క మజ్జిగ కలుపుకుంటూ "సరేలే" అంది.

సాయంత్రం కర్రలు ఎక్కించడం మొదలైంది. పై వాసాల మీదికి ఎక్కేది ఎప్పుడూ జోగే, కోతిలా పాకేది. నన్ను అక్క ఇంట్లో పనికి పంపింది. తిరిగి వచ్చేసరికి కూలీలు వెళ్లిపోయారు. బ్యారన్ తలుపు మూసి ఉంది. అక్క చీర ఎగదోపుకుని తన చేతులతోనే సందులకు మట్టి మెత్తుతోంది. ఏ ఏడూ ఆ పని జోగిదే.

పొయ్యి కాల్చేది తండా మనిషి రామ్‌సింగ్. కట్టెలు పేర్చి, అగ్గిపుల్ల గీసే ముందు అక్కనడిగాడు.

"జోగమ్మ దిగిందా అమ్మా?"

"నాలుగింటి బస్సుకు పోయింది."

"భద్రాచలం బస్సుకా?"

"ఆ. నువ్వు ముట్టించు."

రామ్‌సింగ్ తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముట్టించాడు. పొయ్యి అందుకున్నాక పిల్లకు జరమని చెప్పి తండాకు వెళ్లిపోయాడు. పొయ్యి వదిలి పోవడం అతను ఎన్నడూ చెయ్యలేదు. పోతూ తన టార్చిలైటు నా చేతిలో పెట్టాడు.

చీకటి పడింది. పొయ్యి దగ్గర మంచం వేసుకుని అక్క కూర్చుంది. అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన, పొయ్యిలోంచి పచ్చికట్టె వాసన, వీటన్నిటి మీద చెమర్చిన పచ్చి ఆకు వాసన. పుట్టినప్పటి నుంచి పీలుస్తున్న వాసనలే. పురుగుల రొద తప్ప ఏమీ లేదు.

గంటకోసారి అద్దంలోంచి టార్చి వేసి, లోపల దారానికి వేలాడే థర్మామీటర్ చూడాలి. చూశాను. తొంభై రెండు. అద్దం లోపలి వైపు ఆవిరి పట్టి మసకగా ఉంది. వెనక్కి తిరిగాను.

టక్... టక్... టక్.

ఆగింది. మళ్లీ మూడు సార్లు.

"కర్రలు" అంది అక్క, మంచం మీద నుంచే. "ఎండుతుంటే చిట్లుతయ్."

కర్రలు చిట్లడం నాకు తెలియదా? అది మూడో రోజు, నాలుగో రోజు మొదలవుతుంది. తొంభై రెండు దగ్గర ఆకే వాడదు, కర్రలెట్లా చిట్లుతాయి? నమ్మాలనుకున్నవాళ్లకు ఏ మాటైనా చాలు.

కొట్టం పక్కకు వెళ్లి జోగి గుడిసెలో టార్చి వేశాను. దాని సద్దిగిన్నె మూత పెట్టినట్టే ఉంది. దండెం మీద మంచి చీర ఉంది. ఆఫీసుకు కట్టుకుపోవడానికని నా దగ్గర అడిగి తీసుకున్న చీర... ఆ చీర కట్టుకోకుండా జోగి భద్రాచలం పోదు.

పరుగెత్తుకుంటూ వచ్చి అద్దం దగ్గర నిలబడ్డాను. టార్చి వేశాను.

అద్దం మీద ఆవిరిలో ఒక బొటనవేలి ముద్ర.

మధ్యలో ఏటవాలుగా గీత.

చీర కొంగుతో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. అది లోపలి వైపు ఉంది... నేను చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి పడింది. వెలుతురులో చెయ్యి కనపడలేదు. వేలు కనపడలేదు. ముద్ర మాత్రం పడింది. తర్వాత ఇంకొకటి.

గోడకు ఆనుకుని జారిపోయాను. చెవి తలుపుకు తగిలింది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఆ చెక్క అవతల, నా చెవి ఎత్తులోనే, గొంతు వినపడింది. చాలా మెల్లగా...

"చిన్నక్కా... దూపైతాంది."

దాహమేస్తోందట. దాహం!

అక్క దగ్గరికి ఎట్లా వెళ్లానో తెలియదు. "అది లోపలుంది. తలుపు తీద్దాం. ఇంకా తొంభై రెండే, ఏం కాదు, బతికే ఉంటది" అన్నాను.

అక్క నా చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. మంట వెలుగులో ముఖం మామూలుగా ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అరవకు" అంది. "నాయన పోయే ముందు నాతో ఒక మాట చెప్పిండు. నీకు చెప్పలే. జోగి ముత్తమ్మ బిడ్డొక్కటే కాదు, నాయన బిడ్డ కూడ. మన చెల్లె. భూమి దానికే ఉంచమన్నడు. మీ ఇద్దరికీ తిండికి లోటు చెయ్యదు, మంచిపిల్ల అన్నడు."

ఊళ్లో సగం మందికి తెలిసే ఉంటుంది. ఇంటి గుట్టు ఇంట్లో నాకే తెలియలేదు. 'చిన్నక్కా' అన్న పిలుపు దానికి ఎవరు నేర్పారో అప్పుడు అర్థమైంది. ముత్తమ్మ నేర్పి ఉంటుంది.

"తెలిసీ తలుపేశావా అక్కా?"

"నేను చూడలే. దిగిందనుకున్న." పొయ్యి వైపు చూసింది. "పైన ఉన్నదేమో, నేను తల ఎత్తి చూడలే."

టక్... టక్... టక్.

"తలుపు తీద్దాం" అన్నాను మళ్లీ.

"తియ్" అంది అక్క. "గునపం ఆడ ఉంది. లోపల అది లేకపోతే ఆకు పోద్ది. ఉంటే మనం పోతం. రేపు భద్రాచలంలో అది చెప్పేది నా పేరొక్కటే కాదు. వేలిముద్ర వేయించింది ఎవరు? అది పోతానన్న మాట నాకు మోసింది ఎవరు?"

గునపం గోడకు ఆనించి ఉంది. నాలుగడుగులు. లేచాను. వెళ్లాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇనుము చల్లగా ఉంది. ఒక్క పోటు పొడిస్తే పచ్చి మట్టి ఊడిపడేది.

పొడవలేదు. ఎందుకని ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. ఆకు కోసం కాదు. భూమి కోసం కూడా కాదు. తలుపు తీస్తే జోగి బయటికొచ్చి నా ముఖం చూస్తుంది. అంతే. అదొక్కటే తట్టుకోలేననిపించింది. నేను అంత పిరికిదాన్ని.

గునపం కింద పెట్టాను.

"మంట తగ్గుతోంది. కట్టె వెయ్" అంది అక్క.

వేశాను. నా చేత్తోనే వేశాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు గాని నా పిడికిలి పెద్దది.

ఆ తర్వాత నేను అద్దం దగ్గరికి పోలేదు. చెవుల్లో కొంగు కుక్కుకుని తలుపు పక్కనే కూర్చున్నాను. కొంగు ఎంత కుక్కినా మూడు చప్పుళ్లు, ఆగడం, మళ్లీ మూడు చప్పుళ్లు. తెల్లవారి వెలుగొచ్చినా ఆగలేదు. మంగళవారం పగలంతా... కూలీలు పొలంలో పాడుకుంటూ ఆకు గిల్లుతున్నారు, ఒక్కరూ తల తిప్పలేదు. వాళ్లకు వినపడటం లేదా? నాకేనా? బుధవారం వేడి నూట ఇరవైకి పెంచాం. చప్పుడు నెమ్మదించింది. గురువారం మధ్యాహ్నం నూట నలభై. ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆగిన నిశ్శబ్దం చప్పుడు కంటే ఘోరంగా ఉంది.

ఆదివారం పొద్దున రామ్‌సింగ్ వచ్చి మట్టి కొట్టాడు. తలుపు తెరిచాడు. వేడిగాలి మొహాలకు కొట్టింది. నేను కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఎవరైనా కేకపెడతారని చూస్తున్నాను. ఎవరూ పెట్టలేదు.

లోపల ఎవరూ లేరు.

వాసాలన్నీ వెతికాడు. గొట్టాల కింద వంగి చూశాడు. మనిషి లేదు, గుడ్డముక్క లేదు. ఆకు మాత్రం ఏ ఏడూ రానంత బాగా వచ్చింది, మేలిమి పసుపు. అక్క ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూ కూలబడి ఏడ్చింది. "చూసినవా? బస్సెక్కిందని చెప్పలే?" అంది. నేనూ ఏడ్చాను. బతికించావురా దేవుడా అనుకున్నాను. భయంతో ఏవేవో విన్నాననుకున్నాను.

నేలమీద, తలుపు లోపలి గడప పక్కన, ఒక ఇత్తడి చెంబు ఉంది. మాది కాదు. పొడిగా, మసిబారి ఉంది. అంచు కింద చుక్కలుగా ఎవరిదో పేరు కొట్టించి ఉంది, మసికి చదవరాలేదు. కూలీలెవరో మరిచిపోయి ఉంటారని అడిగాం, అందరూ మాది కాదన్నారు. చింతపండుతో తోమి వాడకంలో పెట్టుకున్నాం.

జోగి తిరిగి రాలేదు. అలిగి ఎక్కడో ఉండిపోయిందని అక్క అందరికీ చెప్పింది. నేనూ తలూపాను.

నలభై రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, భద్రాచలం ఆఫీసు నుంచి ఒక ముసలి అటెండరు వచ్చాడు. పేరు తుల్సీరాం. మెత్తటి మనిషి. సైకిలు దిగి అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. నేను ఆ చెంబుతో నీళ్లిచ్చాను. చెంబు పక్కన పెట్టుకుని, సంచిలోంచి కాగితం తీశాడు.

"సోడె జోగమ్మ అంటే ఈ ఇంట్ల మనిషేనా అమ్మా? అర్జీ ఇచ్చింది. విచారణ చెయ్యమని పంపిండ్రు."

అక్క ముఖం బిగుసుకుంది. "ఎప్పుడిచ్చింది?"

"ఫిబ్రవరి పదిహేను. బేస్తారం. పగటిపూట."

గురువారం. నూట నలభై డిగ్రీలు. చప్పుడు ఆగిన పూట.

"అంటే బాగానే ఉందన్నమాట" అంది అక్క. గొంతులో ఊపిరి తిరిగింది. "భూమి గురించేనా?"

"అదే సమజైతలేదమ్మా. మతి సరిగ లేని మనిషేమో అని ఇన్నాళ్లు పక్కన పెట్టిండ్రు." అద్దాలు సర్దుకుని చదివాడు. అర్జీ రాసేవాళ్ల భాష, అరుగుల మీద కూర్చుని రాసే భాష. "మహారాజశ్రీ ఆఫీసరు గారి సముఖమునకు, మద్దిగూడెం కాపురస్తురాలు సోడె జోగమ్మ వ్రాయించుకున్న అర్జీ. నా భూమి సంగతి తర్వాత మనవి చేసుకుంటాను. ముందు నన్ను బ్యారన్‌లో నుంచి బయటికి తీయించగలరు. నా చిన్నక్క సుబ్బరత్నం తలుపు బయటనే కూర్చుని ఉన్నది. ఆమెకు వినపడుతున్నది."

కాగితం మా వైపు తిప్పాడు. కింద వేలిముద్ర. మధ్యలో ఏటవాలుగా గీత.

దూరంగా పందిట్లో ఆడవాళ్ల మాటలు వినపడుతున్నాయి.

"ఏ తలుపమ్మా?" అన్నాడు తుల్సీరాం.

అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది. అతను నా వైపు చూశాడు. నిట్టూర్చి కాగితం మడిచాడు.

"అర్జీ రాసిన చందూలాల్ ఆఫీసు ముంగట చెట్టు కింద కూసుంటడు. ఆయన ఇంకా తిడుతనే ఉన్నడు. ఆమె చేతులకు పొగాకు జిగురట, ఒళ్లంత కాలుతున్నదట. దూప దూప అని కుండెడు నీళ్లు తాగిందట. ఆఖరికి నీళ్లు నింపుకుని ఆయన చెంబు కూడ పట్టుకపోయిందట. నన్ను చూసినప్పుడల్ల అడుగుతడు, నా చెంబు తెచ్చినవా అని."

నవ్వుతూ పక్కనున్న చెంబు ఎత్తాడు. తాగబోతూ ఆగాడు. అంచు కింద వేలితో తడిమాడు. ఎండలోకి తిప్పి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"చం... దూ... లాల్."

నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టాడు. చెంబు ఇమ్మని అడగలేదు. సైకిలెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

భూమి మాకు దక్కలేదు, అక్క పెట్టిన మనిషికీ దక్కలేదు. బ్యారన్ కప్పు ఆ వానాకాలమే కూలింది. చెంబు వాగులో పారెయ్యమని అక్క అంది. నేను పారెయ్యలేదు. అందుకే మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకోం.

చెంబు నా దగ్గరే ఉంది. పొద్దుగూకగానే నిండా నీళ్లు పోసి, తలుపు దగ్గరగా వేసి, గడప లోపల పెడతాను. పొద్దున మిగిలితే గుమ్మంలో తులసికి పోద్దామనుకుంటాను. పదిహేనేళ్లలో ఒక్క రోజూ మిగల్లేదు.